మనసు బాగోలేనప్పుడు: మన ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

వంటింట్లో, ఆసుపత్రి వరండాలో, అర్ధరాత్రి వాట్సాప్‌లో వినిపించే ప్రశ్నలివి. డాక్టర్ దాకా వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఈ జవాబులు పనికొస్తాయి, డాక్టర్ చేసే పని మాత్రం చేయలేవు. ఎవరి ప్రాణానికైనా ఇప్పుడే ప్రమాదం ఉందనిపిస్తే చదవడం ఆపి 14416కి (ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్) ఫోన్ చేయండి, లేదా దగ్గరున్న ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

తింటున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. మానసిక ఆరోగ్యంతో నాకేం పని?

ఈ మాట వినగానే హైదరాబాద్ వాళ్లకు ఎర్రగడ్డ, విశాఖ వాళ్లకు వాల్తేరు గుర్తొస్తాయి. ఆ రెండు ఆసుపత్రుల పేర్లూ తిట్లుగా మారిపోయాయి కాబట్టి అక్కడిదాకా వెళ్లేంత జబ్బు లేనివాళ్లంతా తమకేం లేదనుకుంటారు. ఈ మధ్యలో చాలా ఉంది. ఆరు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, చిన్నదానికి పిల్లల మీద విరుచుకుపడటం, ఇష్టమైన క్రికెట్ మ్యాచ్ కూడా చూడబుద్ధి కాకపోవడం లాంటివి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి, అంటే దాదాపు పదిమందిలో ఒకరికి, ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణా లేవు. మనం వేరేగా ఉంటామని అనుకోవడానికి నాకైతే కారణం కనిపించదు.

ఈసీజీ బాగుంది, టూడీ ఎకో బాగుంది, ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. మరి ఈ గుండెదడ, గ్యాస్, తల బరువు ఎక్కడివి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మనవాళ్లు "నాకు దిగులుగా ఉంది" అని డాక్టర్ దగ్గరికి వెళ్లరు. "కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తోంది", "ఒళ్లంతా సూదులు గుచ్చినట్టుంది", "కాళ్లు లాగేస్తున్నాయి", "నడినెత్తిన మంట" అంటారు. అబద్ధాలు కావవి. ఆందోళనలో ఉన్న ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల దెబ్బతింటుంది. నొప్పి నిజం, దడ నిజం. అది మొదలైన చోటు మాత్రం గుండె కాదు, కడుపూ కాదు.

దాంతో ఏమవుతుందంటే, మనిషి ముందు గ్యాస్ మాత్రలు మింగుతాడు, తర్వాత గుండె డాక్టర్, ఆ తర్వాత కడుపు డాక్టర్, చివరికి తలకు స్కానింగ్. రిపోర్టుల ఫైలు లావెక్కుతుంది. "ఏమీ లేదు, అనవసరంగా భయపడుతున్నారు" అని పంపేస్తారు. ఆ "ఏమీ లేదు" దగ్గరే దారి తప్పుతోంది. గుండెలో ఏమీ లేదంటే మనిషికే ఏమీ లేదని కాదు. అప్పుడు వేయాల్సిన ప్రశ్నలు రెండు: నిద్ర ఎలా ఉంది? ఇంట్లో ఏం జరుగుతోంది?

ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి మొదటిసారి వస్తే, ముఖ్యంగా చెమటలు పట్టి ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే, అది ఆందోళనే అని ఇంట్లో కూర్చుని తేల్చేయకండి. ముందు ఈసీజీ. పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి కమ్మేసే తీవ్రమైన భయం, సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి నెమ్మదిగా దిగిపోతుంది. కానీ అది పానిక్ అటాక్ అని చెప్పాల్సింది డాక్టరే. అలాగే థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం కూడా అచ్చం దిగులు లాగే కనిపిస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్షలు చేయించుకోవడం వృథా ఖర్చు కాదు.

నరాల బలహీనత అని మా ఊరి ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తారు. రెండు రోజులు బాగానే ఉంటోంది కదా?

బాగానే ఉంటుంది. ఎందుకుండదు? రెండు గంటలపాటు మంచం మీద పడుకోబెట్టారు, ఎవరో పక్కన కూర్చున్నారు, ఆ పూట పొయ్యి దగ్గరికి వెళ్లక్కర్లేకపోయింది. చాలామంది ఆడవాళ్లకు నెలకోసారి దొరికే విశ్రాంతి ఆ సెలైన్ బాటిల్ ఒక్కటే. సీసాలో ఉన్నది ఉప్పునీళ్లు, మహా అయితే కాస్త గ్లూకోజు, బి-కాంప్లెక్సు. మూడో రోజుకు పాత కథే మొదలవుతుంది. ఇలా ఏళ్లు గడిచిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఆర్‌ఎంపీని తిట్టడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ మూడోసారి కూడా సెలైన్ అవసరమైందంటే జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లాల్సిన సమయం వచ్చినట్టే.

మామూలు బాధకూ డిప్రెషన్‌కూ తేడా ఎలా తెలుస్తుంది?

డాక్టర్లు చూసే కొలత రెండు వారాలు. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటమో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తన మీద తనకే అసహ్యం, చావు ఆలోచనలు లాంటివి చేరి రోజువారీ పనికి అడ్డం పడుతుంటే డిప్రెషన్‌గా అనుమానించాలి.

దగ్గరివాళ్లు పోయినప్పుడు వచ్చే దుఃఖం వేరు. పెద్దకర్మ అయిపోయింది కాబట్టి ఇక ఏడవకూడదని ఎవరికీ గడువు పెట్టకండి. దుఃఖం అలల్లా వస్తుంది, మధ్యలో మనిషి నవ్వగలడు, పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకోగలడు. డిప్రెషన్‌లో ఆ విరామం ఉండదు, బాధ తన మీదికే తిరుగుతుంది: "నేనెందుకూ పనికిరాను, నేను భారం." ఇంట్లో పెద్దాయన నోట "భారం" అనే మాట పదేపదే వస్తుంటే వయసు మీద పడిందని కొట్టిపారేయకండి.

రోజూ ఏం చేస్తే మనసు కుదురుగా ఉంటుంది?

మొదట నిద్ర. మిగతావన్నీ దాని తర్వాతే. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు, పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఎనిమిది నుంచి పది. పడుకునే వేళ కుదరకపోయినా లేచే వేళ ఒకటే పెట్టుకోండి, ఆదివారం కూడా. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం రాత్రి పదకొండుకి కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టదని బాధపడేవాళ్లు మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మాని చూడాలి. ఫోన్ మంచం దగ్గర కాకుండా హాల్లో ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసం ఫోన్ కావాలనేది సాకు, గోడగడియారాల కొట్లో అలారం గడియారం ఇప్పటికీ దొరుకుతుంది.

"రెండు పెగ్గులేస్తే హాయిగా నిద్రపడుతుంది" అనేవాళ్లకు: పడుతుంది, నిజమే. అర్ధరాత్రి దాటాక తెగిపోతుంది. మందు దిగులును పెంచుతుంది కూడా. దిగులు కోసం తాగి, తాగినందుకు దిగులుపడి, మళ్లీ తాగే చక్రం మన ఇళ్లకు కొత్తేమీ కాదు.

తర్వాత నడక. వారానికి 150 నిమిషాల వ్యాయామం పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చురుగ్గా నడవడం. తేలికపాటి డిప్రెషన్‌లో ఇది నిజంగా పనిచేస్తుంది. కానీ ఐదింటికి లేచి టిఫిన్, ముగ్గురికి క్యారేజీలు, ఆఫీసు, మళ్లీ రాత్రి వంట చేసే మనిషికి "రోజూ నడవమ్మా" అని సలహా ఇవ్వడం హాస్యం. ఆమెకు అరగంట కావాలంటే ఇంట్లో మరొకరు అరగంట పని తీసుకోవాలి. గిన్నెలు కడగడం కూడా మానసిక ఆరోగ్య సేవే, ఆ ఇంటి మగవాళ్లకు చెప్పండి.

చివరగా, సలహా ఇవ్వకుండా వినే మనిషి ఒక్కరు ఉండాలి. అన్నో, పిన్నో, పాత హాస్టల్ రూమ్మేటో ఎవరైనా సరే. మనవాళ్లలో వినేవాళ్లకంటే చెప్పేవాళ్లు ఎక్కువ కాబట్టి వెతుక్కోవాల్సి రావచ్చు.

ధ్యానం, యోగా, పూజ చాలవా?

తేలికపాటి ఒత్తిడికి చాలాసార్లు చాలతాయి. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషిని కళ్లు మూసుకుని కూర్చోమంటే ఆ నల్లటి ఆలోచనలతోనే ఒంటరిగా కూర్చోబెట్టినట్టు అవుతుంది. చెవిలో మాటలు వినిపిస్తున్నవాళ్లను రోజుల తరబడి మౌనధ్యాన శిబిరాలకు పంపడం ప్రమాదం. గుడికి వెళ్లొద్దని ఏ డాక్టరూ అనరు, మాత్రలు మానేసి వెళ్లొద్దంటారు.

దయ్యం పట్టిందని తాళ్లతో కట్టేయడం, కొట్టడం మాత్రం నేరం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

సైకియాట్రిస్టా, సైకాలజిస్టా? ముందు ఎవరి దగ్గరికి?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందులు రాయరు. వాళ్లకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి తెలుసుకోండి. నెలన్నర ఆన్‌లైన్ కోర్సు చేసి "లైఫ్ కోచ్" బోర్డు పెట్టినవాళ్లు ఈ రెండింట్లోకీ రారు. నిద్ర, తిండి బాగా దెబ్బతిన్నా, చావు ఆలోచనలున్నా, లేనివి కనిపిస్తున్నా వినిపిస్తున్నా ముందు సైకియాట్రిస్టే. కాపురంలో గొడవలు, పరీక్షల భయం, తేలికపాటి ఆందోళన అయితే సైకాలజిస్టుతో మొదలుపెట్టొచ్చు.

ఆ మాత్రలు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలట. నిజమేనా? మత్తులో పడుకోబెడతారట?

ఇక్కడ రెండు రకాల మందులు కలిసిపోతున్నాయి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూయాక్సెటీన్ లాంటి డిప్రెషన్ మందులు వ్యసనం కావు, ఇంకా ఇంకా కావాలనిపించవు. ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్ లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు అలా కావు. కొన్ని వారాలు వరసగా వేసుకుంటే అలవాటవుతాయి. వీటిని డాక్టర్లు సాధారణంగా మొదటి రోజులు గడవడానికి తక్కువ కాలానికే రాస్తారు. పాత చీటీ చూపించి ఏడాదిగా మెడికల్ షాపులో కొనుక్కుంటున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. భయపడాల్సింది దానికి.

డిప్రెషన్ మందు వేసిన మర్నాడే ఫలితం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా వికారం, కడుపులో తిప్పడం, కొంచెం కంగారు ఉండొచ్చు. "మందు పడలేదు" అని చాలామంది మానేసేది సరిగ్గా ఈ వారాల్లోనే. పాతికేళ్లలోపు వాళ్లను మొదటి వారాల్లో ఇంకాస్త జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి, చావు ఆలోచనలు పెరిగినట్టు అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. కోరికలు తగ్గడం లాంటి ఇబ్బందులు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, మందు మార్చే వీలుంది.

బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆ తర్వాత డాక్టర్ మోతాదు తగ్గిస్తూ ఆపుతారు. మీరే ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిన్న చిన్న షాకులు కొట్టినట్టు అనిపించడం జరగొచ్చు. పదేపదే వచ్చే డిప్రెషన్‌కు, బైపోలార్‌కు, స్కిజోఫ్రీనియాకు ఏళ్ల తరబడి మందు అవసరం కావచ్చు. నాన్నగారు ఇరవై ఏళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటుంటే ఎవరూ బానిస అనరు కదా.

కరెంట్ షాక్ ఇస్తారా?

సినిమాలో చూపించినట్టు కాదు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని చట్టమే నిషేధించింది. అన్నం, నీళ్లు కూడా మానేసిన తీవ్రమైన డిప్రెషన్‌లో ఇది ప్రాణం నిలబెట్టే చికిత్స. చాలామందికి దీని అవసరమే రాదు.

"పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటున్నారు మా పెద్దవాళ్లు.

సర్దుకోదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్రలేని రాత్రులు ఏ జబ్బుకూ మంచివి కావు. అసలు ముప్పు దాచడంలో ఉంది: అత్తింట్లో చూస్తారని అమ్మాయి మాత్రలు ఆపేస్తుంది, మూడు నెలల్లో జబ్బు తిరగబెడుతుంది, "జబ్బు దాచి అంటగట్టారు" అని పంచాయితీ మొదలవుతుంది. ముందు చికిత్స, మనిషి నిలకడగా ఉన్నాక సంబంధం. ఆ సంబంధం వాళ్లకు విషయం చెప్పి చేయాలి. చెబితే కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. తప్పిపోనివ్వండి.

బిడ్డ పుట్టి నెలైంది. కోడలు ఊరికే ఏడుస్తోంది, బిడ్డను ఎత్తుకోవడం లేదు.

ప్రసవమైన మొదటి రెండు వారాల్లో కన్నీళ్లు, చిరాకు చాలామందికి వచ్చి వాటంతటవే తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా ఉంటే అది కాన్పు తర్వాత డిప్రెషన్ కావచ్చు. "బంగారం లాంటి బిడ్డ పుడితే ఏడుస్తావేంటి" అనకండి. పాలిస్తూ కూడా వాడగలిగే మందులున్నాయి. నిద్ర లేకుండా తిరగడం, పొంతన లేని మాటలు, బిడ్డకేదో హాని జరుగుతుందనే వింత నమ్మకాలు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

మావాడు ఇంటర్. హాస్టల్ నుంచి ఫోన్ చేసి "నా వల్ల కాదు" అంటున్నాడు. బద్ధకమా, నిజమా?

ముందు వెళ్లి చూడండి. ఫోన్‌లో తేల్చకండి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, పొద్దున ఐదింటికి మళ్లీ బెల్లు ఉన్న చోట పదహారేళ్ల పిల్లాడికి ఆరు గంటల నిద్ర కూడా దొరకదు. ముందు ఆ లెక్క చూడాలి. వాడు తింటున్నాడా, స్నేహితులతో మాట్లాడుతున్నాడా, మార్కులు ఉన్నట్టుండి పడిపోయాయా అడగండి. అవసరమైతే ఇంటికి తెచ్చేయండి. కట్టిన ఫీజు పోతే పోతుంది. ఫలితాలు వచ్చే రోజున పిల్లల పక్కనే ఉండండి. ఫెయిలైనవాళ్లకు సప్లిమెంటరీ ఉందన్న సంగతి పరీక్షలకు ముందే, మామూలు మాటల్లో చెప్పి ఉంచండి.

"చచ్చిపోవాలనుంది" అంటున్నారు. బెదిరింపా?

బెదిరింపు అనుకుని ఊరుకోకండి. నేరుగా అడగండి: "చనిపోవాలనే ఆలోచన వస్తోందా? ఎలా అని కూడా అనుకున్నావా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్నది అపోహ. అడిగినందుకు ఊరటపడేవాళ్లే ఎక్కువ. వాదించకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి.

ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ పూటే తీసేయండి, లేదా తాళం వేసి తాళంచెవి మరొకరికి ఇవ్వండి. ఇది చిన్న జాగ్రత్తలా కనిపిస్తుంది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. ఆ తీవ్రమైన ఘడియ చాలామందికి గడిచిపోతుంది, ఆ కాసేపు చేతికి అందకుండా ఉంటే మనిషి దక్కుతాడు.

కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం అంటోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు.

మా నాన్న డాక్టర్ దగ్గరికి రానంటున్నారు.

"పిచ్చి డాక్టర్" అంటే ఎవరొస్తారు? నిద్ర కోసమో, కాళ్ల నొప్పుల కోసమో అని మొదలుపెట్టండి. నిజంగానే ఆయన్ని బాధపెడుతున్నది అదే. ఆయన మాట వినే మనిషిని, తమ్ముడినో బావమరిదినో, తోడు తీసుకెళ్లండి. టిఫిన్‌లో మాత్ర పొడి కలిపి పెట్టకండి. తెలిసిన రోజున మీ చేతి అన్నం కూడా నమ్మరు. తనకో ఇతరులకో ప్రమాదం ఉండి, మనిషి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే, నామినేట్ చేసిన ప్రతినిధి (రోగి తరఫున మాట్లాడే మనిషి, సాధారణంగా ఇంట్లోవాళ్లే) దరఖాస్తు మీద, నిపుణులు పరీక్షించాక, ఆసుపత్రిలో చేర్చుకునే వీలు చట్టంలో ఉంది.

ఖర్చు ఎంత? ఇన్సూరెన్స్ వస్తుందా?

14416 టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ, విశాఖ ఆసుపత్రులతో పాటు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలున్నాయి. మామూలు డిప్రెషన్ మందులు జనరిక్‌లో చవకే, జన ఔషధి దుకాణాల్లో అడగండి. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. పాలసీ కాగితం చదువుకోండి. మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిది, మీ అనుమతి లేకుండా ఆఫీసుకు చెప్పకూడదు.

అమెరికాలో ఉన్నవాళ్లు అత్యవసరంలో 988 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. ఎమ్మెస్ చదువుతూ ఉద్యోగం దొరకక, అప్పు గుర్తొచ్చి, ఇంటికి "అంతా బాగుంది" అని చెప్పే పిల్లలు ఇది రాసిపెట్టుకోండి. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ విద్యార్థులకు ఉచితం, దాన్ని వాడుకున్నందుకు వీసాకు ముప్పేమీ రాదు.

మొదటిసారి వెళ్తే ఏం అడుగుతారు?

ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, నిద్ర, ఆకలి, పని, తాగుడు అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతారు. అరగంట పట్టొచ్చు, రద్దీగా ఉండే ప్రభుత్వ ఓపీలో పది నిమిషాలే దొరకొచ్చు. అందుకే చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకెళ్లండి. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు, ఆయుర్వేదం పొడులు, ఏం వాడుతున్నా అన్నీ కవర్లో వేసుకుని చూపించండి. కాసేపు ఒంటరిగా మాట్లాడాలని మీరే అడగొచ్చు, తోడు వచ్చినవాళ్లు బయట కూర్చుంటారు. ఆ డాక్టర్‌తో కుదరలేదనిపిస్తే ఇంకొకరిని చూడండి, చీటీ మాత్రం పారేయకండి.